రేపల్లెలో తాతయ్య భోంచేశారా?

ఆ రోజుల్లో పొరుగూళ్లో ఉన్న మనిషి అన్నం తిన్నాడో లేదో తెలియాలంటే రెండే దారులు ఉండేవి. ఎవరినైనా పంపి కనుక్కోవడం ఒకటి, తినే ఉంటాడులే అని మనసుకు సర్దిచెప్పుకోవడం రెండోది. లోకమంతా ఆ రెండో దారిలోనే హాయిగా బతికేసేది. మా నాయనమ్మకి మాత్రం సర్దిచెప్పుకోవడం చేతకాదు. ఆవిడ కోసం నేను మూడో దారి ఒకటి వేశాను, అదీ ప్రభుత్వం వారి స్తంభాల మీదుగా. అరవైల చివర్లో, నాకు ఇరవై ఒక్కేళ్ల వయసప్పుడు, మా ఇంట్లో నా ఒక్కదానికే బుర్ర ఉందని గట్టిగా నమ్ముతున్న కాలంలో జరిగిన సంగతి ఇది. (ఆ నమ్మకం ఎప్పుడు పోయిందో తేదీతో సహా చెప్పగలను గానీ, మీకు కథ వింటుంటే తెలిసిపోతుంది.)

అప్పుడు నాకు తెనాలిలో టెలిఫోన్ ఆపరేటరుగా కొత్తగా ఉద్యోగం వచ్చింది. నాన్న పనిచేసేది బాపట్లలో కాబట్టి అమ్మా నాన్నా అక్కడ ఉండేవారు. నేను తెనాలిలో తాతయ్య, నాయనమ్మల దగ్గర ఉండి డ్యూటీకి వెళ్లేదాన్ని. చెవులకు హెడ్‌సెట్టు, ఎదురుగా బోర్డు నిండా కన్నాలు, చేతిలో తీగలు. ఏ తీగ ఏ కన్నంలో పెడితే ఏ ఊరు పలుకుతుందో తెలియడం వల్ల నాకు లోకంలో అన్నీ తెలిసినట్టే ఉండేది. రేపల్లె కన్నంలో తీగ పెడితే ఒక ఆడగొంతు "రేపల్లె" అనేది. ఆవిడ ముఖం నేనెప్పుడూ చూడలేదు. గొంతును బట్టి నాకంటే పెద్దదని తేల్చుకుని అక్కయ్యా అని పిలిచేదాన్ని, ఆవిడ నన్ను తెనాలి అమ్మాయ్ అనేది. మా అందరి మీదా ఒక సూపర్వైజరు గారు ఉండేవారు. ఆయన చెవిలో ఎప్పుడూ ఇంకో హెడ్‌సెట్టు ఉండేది. లైను మీద ఎవరైనా ఒక్క మాట సొంతం మాట్లాడితే మర్నాడు పొద్దున బల్ల మీద మెమో ఉండేది. అందుకని ఆయనకి మెమోగారు అని పేరు పెట్టుకున్నాం.

ఇక మా నాయనమ్మ. పదకొండో ఏట కాపురానికి వచ్చింది. అత్తగారిని, ఆవిడ అత్తగారిని, నలుగురు మరుదులను, ఆరుగురు పిల్లలను, ఆ పిల్లల పిల్లలను వరసగా సాకుతూ వచ్చింది. తాతయ్య బడిలో తెలుగు పంతులు. ఆయన పాఠం గంట కొట్టేదాకా చెప్పి, గంట కొట్టాక కూడా చెప్పి, ఏ ఒంటిగంటకో ఇంటికి వచ్చేవారట. వచ్చి ఆయన తిన్న తర్వాతే ఆవిడ తినడం. యాభై అయిదేళ్లలో ఒక్కపూట కూడా ఆయనకంటే ముందు ముద్ద ఎత్తలేదని ఊళ్లో వాళ్లు చెప్పుకునేవారు. ఆవిడ మాత్రం ఆ విషయం ఎప్పుడూ ఎత్తేది కాదు. నాన్న చిన్నప్పుడు బాపట్లలో వారాలు చేసుకుని, అంటే వారంలో రోజుకొక ఇంట్లో భోజనం ఏర్పాటు చేసుకుని, చదువుకున్నారు. ఆరు ఇళ్లు దొరికాయి గానీ శనివారానికి దొరకలేదు. శనివారం మంచినీళ్లు తాగి పడుకునేవాడినని ఆయన ఒక సెలవుల్లో నవ్వుతూ చెప్పారట. ఆ తర్వాత రెండేళ్లూ నాయనమ్మ శనివారం నాడు తెనాలిలో పొయ్యి దగ్గరే ఉండి అందరికీ వండి పెట్టి తాను మాత్రం తినలేదు. ఏ దేవుడికి ఉపవాసం అని అడిగితే ఏదో పేరు చెప్పిందట. ఆ దేవుడు తానేనని నాన్నకి పెళ్లయ్యాక తెలిసింది.

ఇదంతా విని మీరు చేతులు జోడిస్తారేమో. నేను మాత్రం అప్పట్లో ముక్కు విరిచేదాన్ని. ఉద్యోగం చేసే ఆడపిల్లను కదా. ఇదంతా బానిసత్వమని ఆవిడకి కూర్చోబెట్టి చెప్పాను కూడా. ఆవిడ చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ మొత్తం విని, "గొంతు ఎండిపోయి ఉంటుంది, మజ్జిగ తాగు" అంది.

ఆ ఏడాది వర్షాకాలంలో నాయనమ్మ ఒకరోజు వంటింటి గుమ్మంలో కళ్లు తిరిగి పడిపోయింది. డాక్టరు వచ్చి చూసి, ఇక మీద పన్నెండింటికల్లా అన్నం తిని మాత్ర వేసుకోవాలని, ఇంకోసారి ఇలా పడితే తన చేతిలో ఉండదని తాతయ్యతో గట్టిగా చెప్పి వెళ్లారు. తాతయ్య ఆ మర్నాటి నుంచి పదకొండున్నరకే కాళ్లు కడుక్కుని పీట మీద కూర్చోవడం మొదలుపెట్టారు. ఆకలి ఉన్నా లేకపోయినా సరే. ఇంట్లో ఉన్నప్పుడు చిక్కు లేదు. నెలకు రెండుసార్లు ఆయన రేపల్లెలో ఉన్న మా అత్తను చూడ్డానికి వెళ్తారు. పొద్దున బండికి వెళ్లి, అక్కడ భోంచేసి, సాయంత్రం బండికి వస్తారు. ఆ రోజు నాయనమ్మ మాట ఏంటి? నాన్న బాపట్ల నుంచి వచ్చి, నాయనమ్మకి వేళకి అన్నం తినిపించే పూచీ నీదే అని నాకు అప్పగించారు. నాకు వదిలెయ్యండి అన్నాను.

నా ఏర్పాటు ఇది. రేపల్లెలో అత్త ఇంటి ఎదురుగా ఒక మందుల షాపు ఉంది, దానికి ఫోను ఉంది. తాతయ్య చెయ్యి కడుక్కోగానే అత్త గుమ్మంలోకి వచ్చి షాపాయనకి చెయ్యి ఊపుతుంది. షాపాయన అక్కయ్యకి చెప్తాడు. ఇటు లైను కలిపినప్పుడు అక్కయ్య మధ్యలో ఎక్కడో చల్లగా "తెనాలి అమ్మాయ్, భోంచేశారట" అంటుంది. అవి మూడు మాటలు కాబట్టి మెమోగారి చెవికి చిక్కేవి కావు. నేను భోజన విరామంలో రెండు వీధుల అవతల ఉన్న ఇంటికి పరుగెత్తి చెప్తాను. నాయనమ్మ నాకు వడ్డించి, నేను తిని వెళ్లాక తాను తింటుంది. మొదటిసారి ఇది పనిచేసినప్పుడు నా మొహం వెలిగిపోయింది. రెండోసారి నాయనమ్మ, "ఏం కూర?" అని అడిగింది. తెలియదన్నాను. ఆవిడ ఆలోచనలో పడింది. మూడోసారి నుంచి కూర పేరు కూడా లైను మీద రావడం మొదలైంది. తర్వాత మజ్జిగ పుల్లగా ఉందా, అన్నం మెత్తగా ఉందా అన్నవి కూడా చేరాయి. రేపల్లె అక్కయ్య ఒకరోజు, "మీ తాతగారి భోజనం వల్ల నాకు ఆకలి పెరుగుతోందమ్మాయ్" అంది.

ఇలా మూడు నెలలు గడిచాక, తుఫాను కాలంలో, తాతయ్య రేపల్లె వెళ్లిన ఒక రోజు పది గంటలకి ఈదురుగాలి పట్టుకుంది. పదిన్నరకి నేను రేపల్లె కన్నంలో తీగ పెడితే గాలి చప్పుడు తప్ప ఏమీ లేదు. పదకొండుకీ లేదు, పన్నెండుకీ లేదు. ఎక్కడో స్తంభం పడిపోయిందన్నారు. విరామంలో వానలో తడుస్తూ ఇంటికి వెళ్లాను. నాయనమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. మొహం పాలిపోయి ఉంది, ఒక చెయ్యి తలుపు పట్టుకుని ఉంది. ఆ చెయ్యి చూసి నాకు భయం వేసింది. మళ్లీ పడితే ఏమవుతుందో డాక్టరు చెప్పిన మాట గుర్తొచ్చింది. వెంటనే నా తెలివి పనిచేసింది. తాతయ్య భోంచేశారని చెప్పేశాను.

"ఏం కూర?" అంది.

ఆ ప్రశ్నకి నేను సిద్ధంగానే వచ్చాను. బీరకాయ పప్పు, దొండకాయ వేపుడు, చారు అని గడగడా చెప్పాను. ఇంకాస్త నిజంలా ఉంటుందని, పప్పు బాగుందని రెండోసారి వేయించుకున్నారట అని కూడా కలిపాను.

నాయనమ్మ మొహంలో కోపం లేదు. నా తడిసిన జుట్టు చూసి, లోపల్నించి తువ్వాలు తెచ్చి చేతికి ఇచ్చింది. అప్పుడు మెల్లిగా, "ఆయన పప్పు ముట్టి ఇరవై రోజులైందే" అంది.

మా తాతయ్య చాతుర్మాస్యం పట్టేవారు. వానాకాలం నాలుగు నెలలూ నెలకొకటి చొప్పున వదిలేస్తారు. ఒక నెల కూరలు, ఒక నెల పెరుగు, ఒక నెల పాలు, ఆఖరి నెల పప్పుదినుసులు. ఆ ఆఖరి నెలలో కందిపప్పు, పెసరపప్పు సరే, పోపులో మినపబద్ద కూడా పడకూడదు. ఆయన ఏది వదిలేస్తే ఆవిడా అదే వదిలేస్తుంది. ఈ సంగతి నాకు పుట్టినప్పటి నుంచీ తెలుసు. తెలిసి కూడా మర్చిపోయాను, ఎందుకంటే నా కంచంలో రోజూ పప్పు ఉంటోంది.

"మరి నాకు రోజూ పెడుతున్నావుగా?" అన్నాను.

"పప్పు లేకపోతే నీకు ముద్ద దిగదుగా. నీకు విడిగా కుంపటి మీద ఉడకేస్తున్నాను."

ఇరవై రోజులుగా ఆ ఇంట్లో రెండు వంటలు అవుతున్నాయి. మడి కట్టుకుని తమ ఇద్దరికీ ఒకటి, ఉద్యోగం చేసి వస్తున్న నాకోసం ఇంకొకటి. కళ్లు తిరిగి పడిపోయే మనిషి వంగి కుంపటి విసురుకుంటోంది. నేను దర్జాగా వచ్చి, నెయ్యి వేసుకుని తిని, ఆడవాళ్ల బానిసత్వం గురించి రెండు మాటలు చెప్పి వెళ్తున్నాను. ఇన్నాళ్లూ ఆవిడ ఆకులో ఏముందో నేను ఒక్కసారి కూడా చూడలేదు. ఆ రోజు పడ్డ సిగ్గు ఇప్పటికీ అలాగే ఉంది. తల ఎత్తకుండా, లైను తెగిపోయిందని నిజం చెప్పాను. నాయనమ్మ, "ముందు నువ్వు తిను, మళ్లీ ఆఫీసుకు వేళవుతుంది" అని నాకు వడ్డించబోయింది. నాకు ఆ పూట ముద్ద దిగేలా లేదు. ఎలాగైనా కబురు తెస్తానని చెప్పి పరుగెత్తాను.

బోర్డు దగ్గర కూర్చుని బాపట్ల కన్నంలో తీగ పెట్టాను. అటు వైపు ఉన్న అమ్మాయి నాతోపాటు ట్రైనింగు అయింది. బాపట్ల నుంచి రేపల్లెకు చెరుకుపల్లి మీదుగా ఇంకో లైను ఉంది, అది బతికే ఉందంది. ఒక్కసారి రేపల్లె అక్కయ్యని పిలిచి మా తాతయ్య భోంచేశారేమో కనుక్కో అన్నాను. ఆ అమ్మాయికి ఒక పట్టాన అర్థం కాలేదు. యాభై అయిదేళ్ల కథ లైను మీద చెప్పవలసి వచ్చింది. చెప్తూ చెప్తూ మధ్యలో ఎందుకో వెనక్కి తిరిగితే మెమోగారు నిలబడి ఉన్నారు. చెవిలో హెడ్‌సెట్టు ఉంది. మొదటి నుంచీ విన్నారని మొహం చూస్తే తెలిసింది. నాకు ఉద్యోగం ఇంకా పర్మినెంటు కాలేదు.

"ఎవరమ్మా భోంచెయ్యాలి?" అన్నారు.

"మా నాయనమ్మండి. తాతయ్య తింటే గాని తినదండి. ఒంట్లో బాగాలేదండి" అన్నాను.

ఆయన గడియారం చూశారు. ఒంటిగంట దాటింది. "మెమో రేపిస్తాను. ముందు రేపల్లె పట్టుకోండి" అన్నారు.

ఇరవై నిమిషాలకి జవాబు వచ్చింది. రేపల్లె నుంచి బాపట్ల, బాపట్ల నుంచి తెనాలి. బాపట్ల అమ్మాయి గొంతులో నవ్వో ఏడుపో తెలియడం లేదు. తాతయ్య భోంచెయ్యలేదట. పన్నెండింటికి ఆకు వేశారట, కూర్చున్నారట. అత్త వడ్డించబోతుంటే షాపాయన గుమ్మంలోకి వచ్చి, ఇవాళ తెనాలి లైను లేదమ్మా అన్నాడట. ఆ మాట తాతయ్య చెవిన పడింది. ఆకు ముందు నుంచి లేచారు. "అక్కడికి కబురు పోదు. పోకపోతే మీ అమ్మ తినదు. ఆవిడ తిన్నదని తెలిశాక తింటాను, అప్పటిదాకా నన్ను బలవంతపెట్టకండి" అని వసారాలో కూర్చున్నారట.

కాబట్టి పరిస్థితి ఇది. తెనాలిలో ఒకావిడ ఆయన తింటే గాని తినదు. రేపల్లెలో ఒకాయన ఆవిడ తింటే గాని తినరు. మధ్యలో తుఫాను, మూడు ఊళ్ల ఆపరేటర్లు, హెడ్‌సెట్టు తియ్యకుండా నిలబడ్డ మెమోగారు. ఇద్దరిలో ఒకరితో అబద్ధం ఆడితే చిక్కు విడిపోతుంది. గంట క్రితమే నేను ఆడిన అబద్ధం ఎంతసేపు నిలబడిందో చూశాను కాబట్టి ఆ ధైర్యం చెయ్యలేదు. మెమోగారు తన గొడుగు చేతికిచ్చి, వెళ్లి రమ్మన్నారు.

ఇంటికి వెళ్లి నాయనమ్మతో ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆవిడ గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. నేను చెప్పింది పూర్తిగా విని, టైమెంతయిందని అడిగింది. రెండు కావస్తోందన్నాను. "పొద్దున ఒట్టి కాఫీ మీద వెళ్లారు. ఆయన ఆకలికి ఆగలేరే" అంది. అంతే. లేచింది, కాళ్లు కడుక్కుంది, ఆకు వేసుకుంది, తానే వడ్డించుకుంది. నేను వంటింటి గడప అవతల నిలబడి చూస్తున్నాను. ఆచారం గురించి ఒక్క మాట మాట్లాడుతుందేమో, దేవుడి వైపు చూసి లెంపలేసుకుంటుందేమో అనుకున్నాను. ఏమీ లేదు. అన్నం కలిపి, ఒక్క ముద్ద నోట్లో పెట్టుకుని, మింగింది. యాభై అయిదేళ్లుగా పట్టిన పట్టును వదిలేసి, నావైపు తిరిగి, "చూశావుగా. తింటుండగా కళ్లారా చూశానని చెప్పు" అంది.

నేను మళ్లీ పరుగు. తెనాలి నుంచి బాపట్ల, అక్కడి నుంచి రేపల్లె, అక్కడి నుంచి మందుల షాపు. అయిదు నిమిషాలకి తిరుగు ప్రశ్న వచ్చింది. బాపట్ల అమ్మాయి అంది: "ఏం కూర అని అడుగుతున్నారే మీ తాతగారు." ఈసారి నేను ఆకు చూసి వచ్చాను. అరటికాయ కూర, బియ్యప్పిండి వేసిన మజ్జిగ పులుసు, పోపులో ఆవాలే తప్ప మినపబద్ద లేదని చెప్పాను. నా వెనక మెమోగారు తల ఊపడం తెలుస్తూనే ఉంది. కాసేపటికి రేపల్లె నుంచి, కూర్చున్నారు, తింటున్నారు, అయిపోయింది అని మూడు ముక్కలుగా, కూరల పేర్లతో సహా కబురు వచ్చింది. లైను అవతల ఎవరో చప్పట్లు కొట్టారు. ఎవరో ఇప్పటికీ తెలియదు.

మూడు గంటలకి, డ్యూటీ దిగి ఇంటికి వెళ్లేసరికి, నాయనమ్మ అదే పీట మీద, అదే ఆకు ముందు కూర్చుని ఉంది. ఆ ఒక్క ముద్ద తప్ప ఆకులో ఏమీ తగ్గలేదు. చెయ్యి ఎండిపోయి ఉంది. అన్నం కలిపిన చేత్తో అలాగే కూర్చుందన్నమాట.

"తిన్నారా?" అంది.

తిన్నారన్నాను. ఏం కూర అని అడిగింది, చెప్పాను. మా అత్త వండినవన్నీ విని, అన్నీ ఆయనకి పడేవేనని తేల్చుకుని, అప్పుడు రెండో ముద్ద ఎత్తింది. తిని, మాత్ర వేసుకుంది. ఆయన తినాలంటే ఆవిడ ముందు తినాలి, సరే తిన్నది. ఆయన కన్నా ముందు తినకూడదు, అందుకని ఆగింది. రెండూ ఒక్క ముద్దతో సరిపెట్టింది. నేను చదివిన చదువులో ఇంత తెలివి ఎక్కడా కనిపించలేదు. ఆ సాయంత్రం తాతయ్య బండి దిగి వచ్చి కాళ్లు కడుక్కుంటుంటే ఆవిడ నీళ్లు పోసింది. మర్నాడు నేను కుంపటి వెలిగించనివ్వలేదు. ఆ నెల మిగిలిన రోజులు పప్పు లేకుండానే తిన్నాను. ముద్ద బాగానే దిగింది.

మెమో అన్న ప్రకారం వచ్చింది. ప్రభుత్వ లైనును సొంత పనికి ఎందుకు వాడితివో తెలుపవలెను అని. నేను జరిగినదంతా రెండు పేజీలు రాసి ఇచ్చాను. మెమోగారు చదివి, కళ్లజోడు తీసి తుడుచుకుని, ఇలా రాస్తే పైవాళ్లు నమ్మరమ్మా, గాలివాన తర్వాత లైను పరీక్ష చేశానని ఒక్క ముక్క రాసివ్వు చాలు అన్నారు.

ఆ తర్వాత నాకు పెళ్లయి బాపట్ల వెళ్లిపోయాను. డెబ్బైల చివర్లో నాయనమ్మ మూడు రోజులు జ్వరంతో పడుకుని, నాలుగో రోజు లేవలేదు. తాతయ్యకి అప్పటికి ఎనభై దాటాయి, చూపు బాగా మందగించింది. ఆయన ఏడవలేదు. ఎవరు ఎప్పుడు ఏం పెడితే అది తిన్నారు, లేదా తినలేదు. పదో రోజు అందరం కాలవ గట్టుకి వెళ్లాం. నాన్న పిండం పెట్టి పక్కకి జరిగారు. కాకి వచ్చి ముట్టేదాకా ఇంట్లో ఎవరూ తినకూడదు. కొందరి విషయంలో మూడింటిదాకా చూడవలసి వచ్చిందని, చచ్చిపోయినవాళ్లకి ఏవేవో మాటలు ఇచ్చుకోవలసి వచ్చిందని పెద్దవాళ్లు చెప్పుకుంటున్నారు. తాతయ్య గొడుగు కింద కుర్చీలో కూర్చుని ఉన్నారు. పొద్దుటి నుంచి పచ్చి మంచినీళ్లు ముట్టలేదు. నాన్న ఇంకా పది అడుగులు వెయ్యలేదు, ఒక కాకి ఎక్కడి నుంచో తిన్నగా వచ్చి వాలింది. ఇంత తొందరగా రావడం ఎప్పుడూ చూడలేదన్నారు పురోహితుడు గారు.

తాతయ్యకి అంత దూరం కనపడదు. అలికిడికి తల ఎత్తి, పక్కనే నిలబడి ఉన్న నా చెయ్యి పట్టుకున్నారు.

"తిన్నదా?" అన్నారు.

తిన్నది తాతయ్యా అన్నాను. "అయితే పదండి, భోంచేద్దాం" అని లేచారు.

నాకు కాకుల మీద నమ్మకం లేదు. ఆకలేసింది, వచ్చింది, తిన్నది అంటాను ఎవరైనా అడిగితే. అయినా ముప్ఫై ఏళ్ల సర్వీసులో ఎంతమందికి ఎన్ని మాటలు కలిపి ఉంటానో నాకే తెలియదు, అందులో ఒక్కటీ గుర్తులేదు. ఆ రోజు కాలవ గట్టున, తీగా బోర్డూ ఏమీ లేకుండా, ఆయనకి అందించిన ఆ ఒక్క కబురు మాత్రం గుర్తుంది. అదీ అబద్ధం కాదనే ఇప్పటికీ అనుకుంటున్నాను.